బడి పేరు, గుడి పేరు

నాకు రెండు పేర్లు ఉండాయి. బళ్ళో రాసింది ఒకటి, గుళ్ళో పెట్టింది ఒకటి. మా పల్లెలో చర్చిని చర్చి అనేది చదువుకున్నోళ్ళే. మా అవ్వ కాలం నుంచీ మాకు అది గుడే. మాది మదనపల్లె పక్క. 1863లో అమెరికా మిషనరీ జేకబ్ చాంబర్లేన్ మదనపల్లెలో మకాం పెట్టినాక, ఆ చుట్టుపక్కల మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో బాప్తిస్మం తీసుకున్నోళ్ళ మనవలం మేం.

బడి పేరు మా ఒకటో తరగతి అయ్యవారు పెట్టింది. మా నాయన నన్ను చెయ్యి పట్టుకోని తీసకపోయి గుడి పేరే చెప్పినాడంట. అయ్యవారు కలం ఎత్తి పట్టుకోని, "ఆ పేరు రాస్తే రేపు పిల్లోడికి ఏమీ రాదు రా" అని, కొండమీది దేవుడి పేరు ఒకటి రాసి, మతం అనే చోట హిందూ అనీ, కులం అనే చోట మాల అనీ నింపినాడు. ఆయన పెద్ద కులపాయన. మా పల్లెలో ఒక్క ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగి ఎరగడు. అయినా నాకు మేలు చేద్దామనే ఆ పని చేసినాడు. నేను చదివిన చదువు, ఉన్న హాస్టలు, ఇప్పుడు తింటున్న జీతం అన్నీ ఆయన కలం ఆ పొద్దు తిరిగిన దారి నుంచి వచ్చినవే. అది అబద్ధమా కాదా అని నేను ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా ఆలోచించలేదు. ఆలోచించేట్టు చేసింది ఒక పదిహేనేళ్ళ పిల్ల.

1997. తిరుపతి యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతా ఎస్సీ హాస్టల్లో ఉంటి. మే నెల సెలవుల్లో తెలిసిన పాస్టరు ఒకాయన, తిరుపతికి దగ్గర్లోనే ఒక పల్లెలో వి.బి.ఎస్. పెడతా ఉండాం, పెద్ద పిల్లలకు చెప్పేదానికి మనిషి లేడు, పది దినాలు రమ్మన్నాడు. సెలవుల బైబిలు బడి అంటే ఈ పుస్తకం చదివేవాళ్ళలో సగం మందికి తెలిసే ఉంటుంది. మిగతా సగం మంది కోసం చెప్తాను. ఎండాకాలం చర్చిలో పిల్లలను కూర్చోబెట్టి పాటలు, కథలు, కంఠతా వాక్యాలు నేర్పిస్తారు. ఆఖరి రోజు ఊరేగింపు, బహుమానాలు. 1898లో న్యూయార్కులో ఎలైజా హాస్ అనే ఆమె, వీధుల్లో తిరిగే బీదపిల్లల కోసం ఒక బీరుషాపు గది అద్దెకు తీసుకోని ఇట్లాంటి బడి మొదలుపెట్టిందని తర్వాతెప్పుడో చదివినాను. మా పల్లెల్లో పిల్లలు దానికి వచ్చేది భక్తికి కాదు. మే నెలలో బడి అన్నం ఉండదు, అమ్మానాయన మామిడితోటల్లో కాయ కోతకు పోతారు, ఇంట్లో ఎవరూ ఉండరు. చర్చిలో పదకొండు గంటలకు సంగటి, ఊరుబిండి పెడతారు.

నేను కూడా భక్తితో పోలేదు. అంబేద్కర్‌ను అప్పుడే చదువుతా ఉంటి. చుండూరు మీద రాసిన కవితలు హాస్టలు గోడల మీద మేమే అంటిస్తా ఉంటిమి. చర్చి నీడన కూర్చోబెట్టి మన పిల్లలకు మన మాటలు చెప్పొచ్చు గదా అనుకున్నాను. మధ్యాహ్నం పూట పదమూడేళ్ళ నుంచి పదహారేళ్ళ పిల్లలు నా వంతు. ఇరవై ఏడు మంది. చిన్నపిల్లలకు చెప్పేదానికి పోటీ పడే అక్కలు నలుగురుండారు గానీ ఈ వయసోళ్ళ జోలికి ఎవరూ రాలేదు. ఎందుకో రెండో దినానికి అర్థమైంది. చిన్నోళ్ళు చెప్పింది పాడతారు. వీళ్ళు అడుగుతారు.

హాజరు పిలవడంతోనే తమాషా మొదలైంది. పాస్టరిచ్చిన పట్టీలో అన్నీ గుడి పేర్లు. ఒక పేరు పిలిస్తే పక్కనోళ్ళు "సార్, వాడికి ఆ పేరు తెల్దు, బడి పేరు పిలవండి" అంటారు. కొందరికి ఇంట్లో పిలిచే పేరు మూడోది. నవ్వుకున్నాం. నాకూ రెండు పేర్లుండాయని మాత్రం నేను చెప్పలేదు.

అదే వారం తిరుపతిలో గంగమ్మ జాతర. బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని దినానికొక వేషం కట్టి జనం వీధుల్లో తిరుగుతారు. మా తరగతిలో ఒక పిల్లోడు రెండు దినాలు రాలేదు. మూడోనాడు కళ్ళు ఎర్రగా వచ్చినాడు. వాళ్ళ నాయనతోపాటు జాతరలో పలక కొట్టేదానికి పోయినాడు. విగ్రహాల పండగకు పోయినోళ్ళకు బహుమానం లేదని పాస్టరు అన్నాడు. పిల్లోడు తల వంచుకోలేదు. "మా నాయన పలక కొడితే గదా సార్ గంగమ్మ కదిలేది" అన్నాడు నాతో. ఆ పలక కూలితోనే వాడికి జూన్‌లో పుస్తకాలు. పెద్దకులాల మగోళ్ళు కూడా ఒక దినం తోటి వేషం కట్టి, నోటికొచ్చిన బూతులు తిట్టి, సాయంత్రానికి కడిగేసుకోని ఇంటికి పోతారు. తోటి బతుకు బతికేవాడికి కడుక్కునే సాయంత్రం రాదు. ఇదంతా పాస్టరుతో వాదించినాను. ఆయన మంచోడు, విని, సరేలే బహుమానం ఇద్దామన్నాడు. ఆ గెలుపుతో నాకు కొంచెం పొగరొచ్చింది.

ఆరో దినం పది ఆజ్ఞల పాఠం. అబద్ధ సాక్ష్యం చెప్పొద్దనే ఆజ్ఞ తొమ్మిదోదని బోర్డు మీద రాసినాను. పిల్లలంతా "ఎనిమిదోది సార్" అని అరిచినారు. మా పక్క సి.ఎస్.ఐ. వాళ్ళకు అది తొమ్మిది. తిరుపతి, కాళహస్తి, నాయుడుపేట పక్క 1865 నుంచి పని చేసింది జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్ లూథరన్లు. లూథరన్ల లెక్కలో ఎనిమిది. ఆజ్ఞలు అవే, ఎంచే తీరు వేరు. తుడిచి ఎనిమిది వేసినాను. కోర్టులో పొరుగోడి మీద తప్పుడు సాక్ష్యం చెప్తే ఏమవుతుంది, మన పల్లెల మీద దొంగ కేసులు పెట్టినప్పుడు ఎవరెవరు సాక్ష్యం చెప్తారు, ఇట్లా నా ధోరణిలో నేను పోతా ఉంటే, గోడ పక్కన కూర్చున్న పిల్ల లేచింది. పదో తరగతికి పోబోయే పిల్ల. వాక్యాలు అందరికంటే ముందు ఒప్పచెప్పేది.

"సార్, నేను బాప్తిస్మం తీసుకున్నా. బళ్ళో మా నాయన హిందూ అని రాయించినాడు. అది అబద్ధ సాక్ష్యమా?"

వెనక నుంచి పలక కొట్టే పిల్లోడు, "అది యాశం లేబ్బా, జాతరలో కట్టినట్టు" అన్నాడు. అందరూ నవ్వినారు. ఆ పిల్ల నవ్వలేదు.

నా దగ్గర జవాబు తయారుగా ఉండింది. అదీ వచ్చిన చిక్కు. 1950 ఆగస్టులో రాష్ట్రపతి పేరుతో వచ్చిన ఎస్సీ ఉత్తర్వు మూడో పేరా గురించి చెప్పినాను. హిందువు కానివాడు ఎస్సీ కాడని అందులో రాసినారు. 1956లో సిక్కులను చేర్చినారు, 1990లో బౌద్ధులను చేర్చినారు, మనల్ని బయటే పెట్టినారు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయన సంగతి చెప్పినాను. ఆదిద్రావిడుడు, క్రైస్తవుడు. చెప్పులు కుట్టేవాళ్ళకు సర్కారు ఉచితంగా బంకులిస్తా, హిందూ ఎస్సీలకు ఇచ్చి ఆయనకు ఇవ్వలేదు. సుప్రీంకోర్టుదాకా పోయినాడు. మతం మారినాక కూడా అంతే అణచివేత ఉందని రుజువు చూపలేదని 1985లో ఆయన అర్జీ కొట్టేసినారు. అదే రోడ్డు, అదే ఆరె, అదే తోలు, మెడలో సిలువ ఒక్కటే తేడా. కాబట్టి అబద్ధం నీది కాదమ్మా, చట్టానిది అన్నాను. ఆ కాగితంలో మతం అని అడుగుతారు గానీ వాళ్ళు నిజంగా అడిగేది, ఊరు నిన్ను ముట్టుకుంటుందా లేదా అని. దానికి మనం చెప్పే జవాబు నిజమే అన్నాను. మాటలు బాగా వచ్చినాయి. నాకే ముచ్చటేసింది.

పిల్ల అంతా విని, "అయితే సార్, ఈ సంవత్సరం పదో తరగతి కాగితాల్లో నేను ఏమని రాయాల?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "నీ మనస్సాక్షి ఏం చెప్తే అది రాయమ్మా" అన్నాను. గంట కొట్టినారు. పిల్లలు సంగటికి పరిగెత్తినారు.

మనస్సాక్షి అనే మాటను అంత చవగ్గా ఎప్పుడూ వాడకూడదని ఇప్పుడు తెలుసు. పెద్దోళ్ళకు జవాబు తోచనప్పుడు, భారం పిల్లల నెత్తిన పెట్టేదానికి అది బాగా పనికొస్తుంది. పైగా నేను నిలబడి చెప్పినంతసేపూ నా జేబులో హాస్టలు ఐడెంటిటీ కార్డు ఉండింది, బడి పేరుతో. దాన్ని తీసి చూపించి, ఇదో నేనూ ఇంతే, ఇది నాకు ఇట్లా మేలు చేసింది, ఇట్లా లోపల గుచ్చుతుంది అని చెప్పి ఉంటే ఆ పిల్ల వేరే తీరుగా తూచుకోని ఉండేదేమో. నేను చట్టం గురించి చెప్పినాను, సూసై గురించి చెప్పినాను, నా గురించి చెప్పలేదు.

ఆ చలికాలం వాళ్ళ నాయన హాస్టలు వెతుక్కుంటా వచ్చినాడు. తువ్వాలు చేతిలో పట్టుకోని గుమ్మం బయటే నిలబడినాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"సారూ, నా బిడ్డ పదో తరగతి నామినల్ రోల్స్‌లో సంతకం పెట్టనంటా ఉండాది. మతం కాడ క్రైస్తవం అని మారిస్తేనే పెడతాదంట. రెండు దినాలు కూడు తిన్లేదు. ఎవురు చెప్పినారంటే మీ పేరు చెప్పినాది. నాకు మీ మీద కోపం లేదు సారూ. మీరొచ్చి ఒక్క మాట చెప్తే వింటాది."

"నాకు పరీక్షలుండాయన్నా" అన్నాను. పరీక్షలు మార్చిలో. అది డిసెంబరు.

ఆయన ఇంకేమీ అడగలేదు. "సరే సారూ, బాగా రాయండి" అని పోయినాడు. నేను పోయి ఉంటే ఏం చెప్పాల్సి వచ్చేదో నాకు తెలుసు. ఆ పిల్ల అడిగే మొదటి ప్రశ్న, మీ కాగితంలో ఏముంది సార్ అని. అందుకే పోలేదు. చర్చి ఉత్తరం తెచ్చి వాళ్ళ నాయనే ఆ గడి మార్పించినాడని తర్వాత పాస్టరు చెప్పినాడు.

ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి పోయినోళ్ళను మన రాష్ట్రంలో బి.సి.-సి అంటారు. ఎస్సీలకు పదిహేను శాతమైతే వీళ్ళకు ఒక శాతం. క్రైస్తవంలోకి పోతే కులం పోయినట్టేనని ఢిల్లీ చెప్తుంది. పోలేదు, పదిహేనో వంతు మిగిలిందని రాష్ట్రం చెప్తుంది. ఆ పిల్లకు టీచరు కావాలని ఆశ. 2000లో ఇంటర్ అయినాక ట్రైనింగు పరీక్ష రాసింది. వచ్చిన ర్యాంకుకు ఎస్సీ కోటాలో అయితే సీటు ఖాయం. బి.సి.-సిలో రాలేదు. ఒక ప్రైవేటు బళ్ళో నెలకు ఎనిమిది వందలకు చేరింది. అదే సంవత్సరం నాకు ఎస్సీ రోస్టర్లో జూనియర్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఆర్డరు కాగితం మీద బడి పేరు.

ఇక్కడ ఉద్యమ మిత్రులు ఒక మాట అంటారు. నాకు తెలుసు, నేనూ అనేవాణ్ణే. చట్టమే అన్యాయమైనప్పుడు దాన్ని తప్పించుకోవడం అన్యాయం కాదు, తిరుగుబాటు అని. సగం ఒప్పుకుంటాను. ఆకలిగొన్నవాడిని నిజం చెప్పమని అడిగే హక్కు, అన్నం దాచుకున్నవాడికి లేదు. కానీ తిరుగుబాటు అంటే ఎదుటోడికి కనపడాలి గదా. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ వెనక లక్షల మంది పట్టపగలు బౌద్ధం తీసుకున్నారు. కేంద్రం లెక్కలో వాళ్ళు 1990 దాకా ఎస్సీలు కాకుండా పోయినారు. ముప్ఫై నాలుగేళ్ళు. ఆ నష్టం కళ్ళెదుట ఉంది కాబట్టే దాని మీద కొట్లాడి చట్టం మార్పించుకోగలిగినారు. మేం నష్టపోకుండా దాక్కున్నాం. జనాభా లెక్కల్లో లేం, ధర్నాల్లో లేం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకు మతంతో ముడి తీసేయమని చెప్పింది. దాన్ని అమలు చేయమని వీధిలోకి రావాల్సినోళ్ళు సగం మంది కాగితాల మీద హిందువులు. పేరు బయటపడుతుందని ఇంట్లో కూర్చున్నారు. వాళ్ళలో నేనొకణ్ణి.

ఇంకో మాట మా హాస్టలు మిత్రుడిది. మాదిగాయన, దండోరాలో తిరిగేవాడు. 1994 తర్వాత మా హాస్టల్లో ఈ మాటలు రాత్రి రెండు దాకా నడిచేవి. "మీ మాలోళ్ళకు మిషన్ బడి ముందు దొరికింది, గుడి దొరికింది. మళ్ళీ మా గిన్నెలో చెయ్యి పెడతారు. నువ్వు చెప్పే అబద్ధానికి పొరుగోడు ఎవడని అడుగుతావే, నేనే గదబ్బా ఆ పొరుగోణ్ణి" అనేవాడు. మాదిగల్లోనూ క్రైస్తవులుండారు గదా అని నేను ఎదురు చెప్పేవాణ్ణి. అది ఆయన మాటకు జవాబు కాదు. ఆజ్ఞలో ఉన్నది పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యమే. నా అబద్ధం సర్కారును మోసం చేయడమని ఊరుకున్నాను గానీ, నా కంటే వెనక వరసలో నిలబడ్డ మనిషిని నేను చూడలేదు. ఈ విషయంలో ఈరోజుకీ నాకు తేలలేదు.

మా గుళ్ళో ఆదివారం ఆదివారం సాక్ష్యం చెప్తారు. ఎవరో ఒకరు లేచి, జబ్బు నయమైంది, కొడుక్కి ఉద్యోగం వచ్చింది అని దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పడం. కోర్టులో చెప్పేదీ సాక్ష్యమే, గుళ్ళో చెప్పేదీ సాక్ష్యమే. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని సాక్ష్యం చెప్పే తల్లి, అది ఏ కాగితం మీద వచ్చిందో చెప్పదు. వినేవాళ్ళూ అడగరు. అందరికీ తెలుసు. ఒక గుడి నిండా మనుషులు ఒకే రహస్యం దాచుకోని పాట పాడుతుంటే ఎట్లా ఉంటుందో బయటివాళ్ళకు చెప్పలేను. పాట మాత్రం గట్టిగానే పాడతాం.

2018 మే నెలలో ఆమె ఫోన్ చేసింది. ఇరవై ఏళ్ళ పైన. గొంతు గుర్తుపట్టలేదు. అత్తగారి ఊళ్ళో, పుత్తూరు పక్క, వి.బి.ఎస్. తనే నడుపుతా ఉంది. "ఎనిమిదో ఆజ్ఞ పాఠానికి మీరు రావాల సార్" అన్నది. తొమ్మిదోది అనబోయి ఊరుకున్నాను.

నలభై మంది పిల్లలు. ఆమె గోడ పక్కన నిలబడింది, అప్పుడు కూర్చున్నట్టే. నేను కథ మొదలుపెట్టబోతే, "సార్, ముందు మీ సర్టిఫికెట్లో ఏముందో పిల్లలకు చెప్పండి" అన్నది. గొంతులో కక్ష లేదు. హాజరు పిలిచినంత మామూలుగా అన్నది.

చెప్పినాను. రెండు పేర్లూ చెప్పినాను. అయ్యవారి కలం సంగతి, హాస్టలు, ఉద్యోగం, ఆమె వాళ్ళ నాయన గుమ్మం బయట నిలబడింది, పరీక్షలుండాయని నేను చెప్పిన మాట, అన్నీ. ఆ ఆఖరిది ఆమెకు అంతవరకు తెలియదని ఆమె మొహం చూస్తే అర్థమైంది. వాళ్ళ నాయన చెప్పలేదు. సార్‌కు పరీక్షలని మాత్రమే చెప్పి ఉంటాడు, నమ్మి.

పిల్లలు కాసేపు ఊరుకున్నారు. తర్వాత ఒకడు లేచి, "మా నాయన ఆటో మీద సిలువ బొమ్మ ఉండాది సార్. ఆఫీసు కాడికి పోయేటప్పుడు దాని మీద పసుప్పచ్చ కాగితం అంటిస్తాడు" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు. మా అక్క బొట్టు పెట్టుకోని పోయి ఫోటో దిగింది. మా పెద్దనాయన సమాధి మీద పేరు వేరే ఉంది. బోర్డు మీద నేను ఏమీ రాయలేదు. గంట సేపు వాళ్ళే చెప్పినారు.

"అయితే సార్, మీ ఉద్యోగం పీకేస్తారా?" అని ఒకడు అడిగినాడు.

"పీకేయొచ్చు" అన్నాను. తప్పుడు కుల ధ్రువపత్రాలకు శిక్ష వేసే చట్టం 1993 నుంచి ఉంది. అది నిజమైన దొంగల కోసం చేసిందే. పెద్దకులాలోళ్ళు ఎస్సీ అని రాయించుకోని మన సీట్లు ఎత్తుకపోతుంటే, వాళ్ళను పట్టాలని మనమే అడిగినాం. ఆ చట్టం ముందర నేనూ ఆ దొంగా ఒకే వరసలో నిలబడాల.

ముందు వరసలో ఒక చిన్న పిల్ల, పన్నెండేళ్ళుంటాయేమో, "మేం ఎవురికీ చెప్పం లే సార్" అన్నది. మిగతావాళ్ళంతా తలకాయలు ఊపినారు. నిజం చెప్పే పాఠం అట్లా అయిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు దాకా ఆమె వచ్చింది. సీటు పోయినందుకు బాధ లేదా అని అడిగినాను. "ఎందుకుండదు సార్. నాతో చదివినోళ్ళు సర్కారు టీచర్లు. కానీ నేను ఆ పొద్దు రాసింది తప్పని మాత్రం ఎప్పుడూ అనుకోలే. మీరు మీది చెప్పకపోవడమే తప్పు" అన్నది. బస్సు వచ్చింది.

2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు, క్రైస్తవం తీసుకున్నవాడికి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపినోళ్ళు ఎవడి మతం ఏదని అడిగి చంపలేదు. చచ్చిపోయినోళ్ళలో బైబిలు పేర్లున్నవాళ్ళు ఉన్నారు, హిందూ పేర్లున్నవాళ్ళు ఉన్నారు. ఆ తీర్పు పేపర్లో చదివిన రాత్రే ఈ వ్యాసం రాయాలని కూర్చున్నాను.

రాయడం అయినాక ఆమెకు ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించినాను. పెద్దగా ఏమీ అనలేదు. వాళ్ళ నాయన తువ్వాలు సంగతి వచ్చినప్పుడు మాత్రం కొంచెం ఆగమన్నది. పేరు వేయమంటావా అమ్మా, నీ పేరు అని అడిగినాను.

"వద్దు సార్. మా పిల్లోడు ఇప్పుడు పదో తరగతి. వాళ్ళ నాయన బళ్ళో హిందూ అనే రాయించినాడు" అన్నది.